చావిడి గుంజకు వేలాడే పుస్తకం

అమ్మాయ్,

నువ్వు పంపిన ప్లాను కాగితం రెండు రోజులుగా నా మంచం పక్కనే ఉంది. పొద్దున కాఫీ తాగుతూ ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి చూస్తున్నాను. 60 ముర్రా గేదెలకు షెడ్డు, పాలు పితికే మిషను గది, పాలు చల్లబెట్టే ట్యాంకు, దూడలకు విడిగా పాక, గడ్డికి గోదాము, అన్నీ కొలతలతో సహా గీయించారు నువ్వూ, అల్లుడుగారూ. చూస్తే కడుపు నిండింది. మీ అమ్మ ఉంటే ఈ కాగితాన్ని ఊరంతా తిప్పి చూపించేది.

అయితే షెడ్డు వెనక గోడలోంచి ఒక బాణం గుర్తు బయటికి పోయింది. దాని పక్కన చిన్న అక్షరాలతో 'డ్రెయినుకు' అని రాసి ఉంది. పేడ గురించీ, కడుగునీళ్ల గురించీ ఆ కాగితంలో ఉన్నది ఆ ఒక్క మాటే. ఆ బాణమే నన్ను నిద్రపోనివ్వడం లేదు.

ముప్పై నాలుగేళ్లు పశువుల డాక్టరుగా డెల్టా అంతా తిరిగాను. ఈనిన గేదెల దగ్గర తెల్లవార్లూ కూర్చున్నాను, గాలికుంటు వచ్చిన ఊళ్లలో రోజుకు వందల సూదులు వేశాను. పాడి పెట్టుకుంటామని వచ్చినవాళ్లందరూ నన్ను దాణా గురించి అడిగారు, జాతి గురించి అడిగారు, చూలు నిలవకపోతే ఏం చెయ్యాలని అడిగారు. పేడ ఎక్కడికి పోవాలని అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టగలను. నువ్వూ అడగలేదు. అడగకపోయినా మేనమామను కదా, చెబుతాను. ఓపిగ్గా చదువు.

మీ మామగారి హయాంలో ఆ చావిట్లో 6 గేదెలు ఉండేవి. పొద్దున్నే ఒక మనిషి పేడ తీసి తట్టతో దొడ్డి మూల వేసేది. కొంత పిడకలకు, కొంత కళ్లాపికి, ధనుర్మాసంలో నాలుగు గొబ్బెమ్మలకు, మిగతాది పెంటపోగుకు. వేసవిలో బండ్లు కట్టి పొలానికి తోలేవాళ్లు. ఊళ్లోకి గొర్రెల మంద వస్తే చేలో కట్టించుకోవడానికి రైతులు పోటీపడి కాపరికి వడ్లు కొలిచేవాళ్లు. అదంతా ఒక పద్ధతి. ఎవరూ దానికి పేరు పెట్టలేదు, కాగితం మీద రాయలేదు. 6 గేదెలకు ఆ పద్ధతి సరిపోయింది. 60 గేదెలకు అదే పద్ధతి పదింతలు చేస్తే సరిపోతుందనుకోకు. పెంటపోగు పదింతలైతే అది వేరే వస్తువు అయిపోతుంది.

లెక్క వేసి చూపిస్తాను. పెద్ద పశువు రోజుకు 15 నుంచి 20 కిలోల పేడ వేస్తుంది, దాదాపు అన్ని లీటర్లు మూత్రం పోస్తుంది. మేపు బాగుంటే ఇంకా ఎక్కువే. 20 కిలోలే అనుకో. 60 గేదెలకు రోజుకు 1,200 కిలోలు. ఏడాదికి 438 టన్నులు. తాగడానికి, కడగడానికి కలిపి పశువుకు రోజుకు 150 లీటర్లు దాటకూడదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చెబుతుంది. ఆ హద్దులోనే ఉన్నా రోజుకు 9,000 లీటర్లు వాడతారు. అందులో గేదెలు తాగినది పోగా మిగిలిందంతా పేడనీళ్లై నీ బాణం వెంట డ్రెయినులోకి పోతుంది. రోజూ. పండగైనా, పెళ్లైనా.

అది పారే నీళ్లే కదా, కొట్టుకుపోతుందిలే అనిపిస్తుంది. నీళ్లలో పడిన మురుగును సూక్ష్మజీవులు తినేస్తాయి, తినేటప్పుడు నీళ్లలోని ప్రాణవాయువును వాడుకుంటాయి. ఎంత వాడుకుంటాయో చెప్పే కొలతను బీఓడీ అంటారు. ఊరి మురుగునీళ్లలో అది లీటరుకు ఓ 300 మిల్లీగ్రాములు ఉంటుంది. కలపని పేడనీళ్లలో 10,000 నుంచి 20,000 దాకా ఉంటుంది. చట్టం ప్రకారం కాలవలోకి వదిలే నీళ్లలో 30 దాటకూడదు. అన్నిటికన్నా పైన ఉండేది ఏమిటో తెలుసా? పాలు. పాల బీఓడీ లక్ష దాటుతుంది. కరెంటు పోయి విరిగిన పాలనూ, పొదుగువాపుకు మందు వేసిన గేదె పాలనూ తూములో పారబోస్తే, తెల్లగా పోతున్నాయి కదా, ఏం హాని అనుకుంటాం. కిందనున్న చేపల చెరువుకు మాత్రం బిందెడు పేడనీళ్లకన్నా బిందెడు పాలే ఎక్కువ హాని.

మన డ్రెయిన్ల నిండా గుర్రపుడెక్క ఎందుకు అంత దట్టంగా పెరుగుతుందో నీకు తెలియనిది కాదు. పొలాల నుంచీ, ఊళ్ల నుంచీ వచ్చే నత్రజని, భాస్వరం దానికి మేత. నీ షెడ్డు వెనక ఆ మేతను ఇంకో 60 గేదెల పాళ్లు పెంచి, మళ్లీ వర్షాకాలంలో నీళ్లు లాగడం లేదని, చేను మునిగిందని మీరే అధికారుల చుట్టూ తిరుగుతారు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్ద రైతు పెంటగుంట ఎక్కడ తవ్వాలని నన్ను అడిగాడు. మనిషికి మోత తగ్గుతుందని చావిడి పక్కనే చూపించాను. అక్కడికి ఇరవై అడుగుల దూరంలో ఆ వాడకట్టు వాళ్లంతా తాగే నుయ్యి ఉంది. నేను చూడలేదని కాదు. చూశాను, నేల గట్టిదే అనుకున్నాను. గుంటకు అడుగు చప్టా కూడా వేయించలేదు. మూడేళ్ల తర్వాత ఆ ఊరు వెళ్తే నుయ్యి వాడకం మానేశారని తెలిసింది. నీళ్లు పరీక్ష చేయిస్తే నైట్రేటు హద్దు దాటింది. తాగేనీళ్లలో లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదు. పసిబిడ్డకు ఆ నీళ్లతో పాలు కలిపి పట్టిస్తే రక్తం ప్రాణవాయువును మోయలేక ఒళ్లు నీలం పడుతుంది. కాచి తాగితే పోతుందా అని ఒక ముసలమ్మ అడిగింది. పోదు. నీళ్లు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఆవిడకు ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. అప్పటి నుంచీ ఎవరి దొడ్లోకి వెళ్లినా ముందు నుయ్యి ఎక్కడుందో చూసేవాణ్ణి, ఆ తర్వాతే పశువును చూసేవాణ్ణి.

ఇప్పుడు పట్నాల్లో దీన్నంతా కలిపి పర్యావరణ నిర్వహణ వ్యవస్థ అంటున్నారు. దానికి ఐఎస్ఓ 14001 అని అంతర్జాతీయ ప్రమాణం ఒకటి ఉంది. 1996లో వచ్చింది, 2004లో, 2015లో సవరించారు. సర్టిఫికెట్ ఇప్పిస్తామని ఎవరైనా మీ గుమ్మం ఎక్కితే తొందరపడి డబ్బు కట్టకండి. 60 గేదెల పాడికి ఆ కాగితం అక్కర్లేదు. దాని లోపలున్న పని మాత్రం కావాలి. ఆ పని ఏమిటంటే, మన దొడ్లోంచి గాలిలోకి, నీళ్లలోకి, నేలలోకి ఏమేం పోతున్నాయో ముందు చూడాలి. ఏది ఎక్కువ హాని చేస్తుందో ఎంచి దాన్ని తగ్గించడానికి ఒక ఏర్పాటు చెయ్యాలి. ఆ ఏర్పాటు పని చేస్తోందో లేదో కొలిచి రాయాలి. చెయ్యకపోతే మార్చాలి. మళ్లీ చూడాలి. మంచి సేద్యగాడు చేనుతో చేసేది ఇదే.

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో రైతు సంఘాలే 1993లో ఇలాంటిది మొదలుపెట్టాయి. రైతు తన చేతిలో ఒక పుస్తకం పెట్టుకుని తన బావిని, పెంటగుంటను, మందుల గదిని, పాలగది మురుగును తానే చూసుకుని, ఎక్కడ ఎంత ముప్పు ఉందో తనకు తానే మార్కులు వేసుకుంటాడు. ఎక్కువ ముప్పు ఉన్నచోట ఏం చేస్తాడో, ఎప్పటిలోగా చేస్తాడో తన చేత్తోనే రాసుకుంటాడు. నీ ప్లాను చూశాక నాకు ఆ పుస్తకమే గుర్తొచ్చింది. దానితో పాటు అదే రాష్ట్రంలో జరిగిన ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది. అది నువ్వు తప్పక తెలుసుకోవాలి.

వాకర్టన్ అని 5,000 మంది కూడా లేని ఊరు. 2000 మే నెలలో అక్కడ పెద్ద వాన కురిసింది. ఊరికి నీళ్లిచ్చే బావుల్లో ఒకటి లోతు తక్కువ. పక్కన ఉన్న పశువుల పొలంలో చల్లిన పేడలోంచి ఈ కొలై అనే సూక్ష్మజీవి వాననీటితో ఆ బావిలోకి దిగింది. ఏడుగురు చనిపోయారు. 2,300 మంది జబ్బుపడ్డారు. తర్వాత డెనిస్ ఓకానర్ అనే న్యాయమూర్తి విచారణ జరిపాడు. ఆ పశువుల రైతు తప్పేమీ లేదని, అతను పేడను పద్ధతిగానే వాడాడని తేల్చాడు. తప్పు ఎక్కడ దొరికిందంటే నీటి పథకం నడిపేవాళ్ల దినచర్య పుస్తకంలో. రోజూ నీళ్లలో క్లోరిన్ ఎంత ఉందో కొలిచి రాయాలి. వాళ్లు కొలవకుండానే అంకెలు వేశారు. ఏళ్ల తరబడి పుస్తకంలో అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

ఈ కథ నాకు తెలిసి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పటికీ తలచుకుంటే చెయ్యి వణుకుతుంది. పుస్తకం లేకపోతే కనీసం మనకు తెలియదని మనకు తెలుస్తుంది. అబద్ధం రాసిన పుస్తకం ఉంటే అంతా బాగుందని నిద్రపోతాం. కాబట్టి అమ్మాయ్, నీ చావిట్లో ఒక పుస్తకం పెట్టు. గుంజకు మేకు కొట్టి, తాడు కట్టి వేలాడదియ్యి. పెన్సిలు కట్టు, తడిసినా చెరగదు. అందులో రాసేది కొంచెమే అయినా కళ్లారా చూసింది మాత్రమే రాయాలి. చూడని రోజు 'చూడలేదు' అని రాయాలి. ఆ మాట రాసినందుకు ఎవరినీ కోప్పడకు. పని వాళ్లకు ఈ ధైర్యం నువ్వు ఇవ్వాలి. గుంట పొర్లిందని నిజం చెప్పిన రోజున వాడి మీద అరిస్తే, మర్నాటి నుంచీ నీ పుస్తకంలో గుంట ఎప్పుడూ పొర్లదు.

పేడ తీసేవాళ్లకు చదువు రాకపోవచ్చు. గీతలు చాలు. ఎన్ని బండ్లు తీస్తే అన్ని గీతలు. వాళ్లకు కనిపించినంత నీకూ నాకూ కనిపించదు. ఏ మూల నీళ్లు నిలుస్తున్నాయో, ఏ గేదె పేడ పల్చబడిందో ముందు తెలిసేది వాళ్లకే. వాళ్ల కాళ్లకు బూట్లు, చేతులకు తొడుగులు కొనడం మొదటి నెల ఖర్చులోనే వేసుకో.

ఏమేం రాయాలంటావేమో. బోరుకు నీళ్ల మీటరు పెట్టించి రోజూ అంకె రాయండి. అంకె పెరిగితే ఎక్కడో కుళాయి కారుతోంది, లేదా ఎవరో పేడను పారతో తియ్యకుండా పైపుతో తోసేస్తున్నారు. ముందు పారతో గీకి తీసి, తర్వాత కడిగితే సగం నీళ్లతో పని అవుతుంది, ఆ కడుగునీళ్లూ పల్చగా వస్తాయి. వారానికి ఒకసారి డ్రెయిను దగ్గర, మీ స్థలానికి ఎగువన ఒక గాజు సీసా, దిగువన ఒక సీసా నీళ్లు పట్టి పక్కపక్కన పెట్టి చూడండి. రంగు, వాసన, అడుగున మడ్డి. తేడా ఉంటే రాయండి. ప్రయోగశాల తర్వాత సంగతి, ముందు నీ కన్నూ ముక్కూ చాలు.

ఈగలకు కూడా ఒక కొలత ఉంది. తెల్ల అట్టముక్క ఒకటి గుంజకు కట్టి వారం తర్వాత దాని మీద ఈగలు వేసిన చుక్కలు లెక్కపెట్టు. పోయిన వారం కన్నా పెరిగితే పేడ ఎక్కడో ఆగిపోయిందన్నమాట. ఎండాకాలంలో గుడ్డు ఈగ కావడానికి వారం, పది రోజులు చాలు. ఆ లోపల మూలమూలలా తీసేస్తే కొత్త తరం పుట్టదు. మందు పిచికారీ అక్కర లేకుండా పోతుంది, పక్కింటివాళ్లతో మాట పడే పనీ ఉండదు.

ఇక అసలు విషయం, గుంట. దీని మీద కాస్త నిలబడాలి.

మన డెల్టాలో ఒక చిక్కు ఉంది. ఇది పంజాబు నుంచో గుజరాత్ నుంచో తెచ్చిన ప్లాన్లు గీసేవాళ్లకు తట్టదు. పేడ రోజూ వస్తుంది. పొలం మాత్రం రోజూ తీసుకోదు. జులై నుంచి చేలో నీళ్లు, వరి. కోతకు ముందే అందులో మినుము, పెసర చల్లేస్తాం. పెంట తోలడానికి నేల దొరికేది వేసవిలోనే. అంటే తొమ్మిది, పది నెలల పేడ నీ దగ్గరే ఉండాలి. కుళ్లి సగానికి తగ్గినా 160 టన్నులకు పైమాటే. అంత దాచే గుంట నీ ప్లానులో లేదు. లేకపోతే ఏమవుతుంది? సెప్టెంబరు వానకు దానంతట అదే కాలవ వెతుక్కుంటుంది.

దారి రెండు వైపుల నుంచి రావాలి. ఒకటి, ఏడాది పొడుగునా పెంట తీసుకునేవాళ్లను వెతుక్కోవడం. లంకల్లో అరటి, కంద, కూరపాదులు ఉన్నాయి. దుగ్గిరాల వైపు పసుపు రైతులు జూన్‌లో విత్తేముందు అడుగుతారు. నిమ్మతోటలు ఉన్నాయి. గేదెలు రాకముందే అల్లుడుగారిని మోటారు సైకిలు మీద తిరగమను, ఎవరికి ఏ నెలలో ఎన్ని ట్రాక్టర్లు కావాలో రాసుకు రమ్మను. గడ్డికి పెంట మారకం వేసుకోండి, మన తాతలు చేసిందే. రెండోది, సొంత మేత. మీరు వెయ్యబోయే నేపియర్ గడ్డి ఐదెకరాలూ కడుగునీళ్లను ఏడాదంతా తాగగలదు. పేడనీళ్లను ఒక తొట్టిలో నిలబెట్టి, మడ్డి దిగాక, పైన తేరిన నీళ్లను మళ్లు మార్చి మార్చి పెట్టాలి. ఒకే మడికి రోజూ పెడితే వేరు కుళ్లుతుంది, కింద నీళ్లు చెడతాయి. ఏ రోజు ఏ మడికి పెట్టారో పుస్తకంలో రాయండి.

గుంట అడుగూ గోడలూ సిమెంటుతో కట్టించండి, పైన రేకుల కప్పు వేయించండి. కప్పు దండగ అంటాడు మేస్త్రి. వినకు. నత్రజనిలో పెద్ద పాలు మూత్రంలోనే ఉంటుంది. ఎండకు అది అమ్మోనియా అయి గాలిలో పోతుంది, వానకు నీళ్లలో పోతుంది. కప్పు లేని పెంటపోగులో మిగిలేది ఎక్కువగా పీచే. మీరు యూరియా బస్తా కొనే డబ్బు పక్కనే ఆవిరైపోతూ ఉంటుంది.

వాననీళ్ల లెక్క కూడా చూడు. నీ షెడ్డు కప్పు 500 చదరపు మీటర్లు అని రాశావు. ఒక్క సెంటీమీటరు వాన పడితే ఆ కప్పు మీద నుంచి 5,000 లీటర్లు దిగుతాయి. తుపాను రోజు 10 సెంటీమీటర్లు పడితే 50,000 లీటర్లు. ఆ మంచినీళ్లు పేడ ఉన్న ఆవరణలో పడ్డాయంటే అవన్నీ పేడనీళ్లే. చూరుకు దోనె కట్టి, విడి కాలవలో నేరుగా బయటికి పంపు, లేదా చెరువులో దాచి గేదెలకు స్నానానికి వాడు. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ అయిన పని ఈ మొత్తంలో ఏదంటే ఇదే అంటాను.

గోబర్ గ్యాస్ గురించి అడిగావు. నాకూ దాని మీద మమకారం ఉంది. ఖాదీ కమిషన్ వాళ్ల తేలే డ్రమ్ము ప్లాంట్లనూ, 1984లో వచ్చిన దీనబంధు రకాన్నీ ఊరూరా కడుతుంటే చూశాను. 25 కిలోల పేడకు ఒక ఘనపు మీటరు గ్యాసు. మీరు రోజుకు 1,000 కిలోలు పోగుచేస్తే 40 ఘనపు మీటర్లు, అంటే ఇంటి సిలిండరు ఒకదానికి మించిన వంటగ్యాసుతో సమానం. పాలగదికి వేణ్ణీళ్లు కాగుతాయి, జనరేటరూ నడపొచ్చు. పైగా గాలిలోకి పోవాల్సిన మీథేను మండిపోతుంది. అది బొగ్గుపులుసు గాలికన్నా నూరేళ్ల లెక్కలో 28 రెట్లు వేడి పుట్టిస్తుంది. అన్నీ మంచి మాటలే. కానీ తొట్టిలోంచి బయటికి వచ్చే స్లర్రీ ఎక్కడికి పోతుందో తేల్చుకోకుండా కట్టినవాళ్ల ప్లాంట్లు రెండేళ్లలో పాడుబడ్డాయి. పేడలో సమానంగా నీళ్లు కలుపుతాం కనుక లోపలికి రోజూ వెళ్లిన 2,000 లీటర్లూ బయటికి వస్తాయి. 40 రోజులు నిలవాలంటే తొట్టి 80 ఘనపు మీటర్లు ఉండాలి. మొదటి ఏడాది గుంట, కాలవలు, పుస్తకం కుదరనివ్వు. నీ చేతిలో నికరమైన అంకెలు ఉంటే రెండో ఏడాది ఎంత ప్లాంటు కట్టాలో నువ్వే ఇంజనీరుకు చెబుతావు.

మందుల సంగతి డాక్టరుగా చెప్పకుండా ఉండలేను. నేను చదువుకునే రోజుల్లో ఊరి చివర పశువు కళేబరం పడేస్తే గంటలో రాబందులు దిగేవి, సాయంత్రానికి ఎముకలు మిగిలేవి. నేను రిటైరయ్యేనాటికి ఒక్కటి లేదు. నొప్పికి మేం వేసిన డైక్లోఫెనాక్ చచ్చిన పశువు మాంసంలో మిగిలి, తిన్న రాబందు మూత్రపిండాలు పాడుచేసింది. మా చేతులతో మేమే వేశాం, మంచికే అనుకుని వేశాం. 2006లో పశువులకు దాన్ని నిషేధించారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా. మీ మందుల బీరువాలో మెలాక్సికామ్ ఉండొచ్చు, ఇవి ఉండకూడదు. ఎవరు అమ్మినా తీసుకోకు. ఏ గేదెకు ఏ రోజు ఏ మందు, పాలు ఎన్ని రోజులు అమ్మకూడదు, పుస్తకంలో ఎర్ర పెన్సిలుతో రాయించు. యాంటీబయాటిక్ ఉన్న ఆ పాలు దూడకు పట్టకండి, తూములో పొయ్యకండి, పెంటగుంటలో పొయ్యండి.

వాడిన సూదులు ఒక గట్టి డబ్బాలో వేసి పశువుల ఆస్పత్రికి ఇచ్చెయ్యండి. పెంటలో కలిసిన సూది ఏడాది తర్వాత ఏ కూలిమనిషి పాదంలోనో దిగుతుంది. దాణా సంచుల ప్లాస్టిక్ దారాలు, ఇనుప తీగముక్కలు కింద పడనివ్వకండి. గేదె నమలకుండా మింగుతుంది. తీగ పొట్టలోంచి గుండె దాకా గుచ్చుకుపోయి చచ్చిన గేదెలను నేను కోసి చూశాను. పుట్టపర్తి కరుణ సొసైటీ వాళ్లు ఆవుల పొట్టలు తెరిచి కిలోలకొద్దీ ప్లాస్టిక్ తీసి, ఈ సంగతి సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లారు.

ఇంకో సంగతి, నాకు ఇష్టమైనది. పేడపురుగును గమనించు. ఆరుబయట పడిన పేడకడిని అది ఉండలు కట్టి నేలలోకి దించుతుంటే నేల బాగున్నట్టు, ఈగలకు చోటు లేనట్టు. ఆస్ట్రేలియాలో అక్కడి పురుగులకు కంగారూల పొడి పెంటికలే అలవాటు, ఆవు పేడను అవి ముట్టుకోలేదు. పేడ ఎండి పచ్చికను కప్పేసి, ఈగలు ముసిరి మనుషులు బయట అన్నం తినలేని స్థితి వచ్చింది. జార్జ్ బోర్నెమిజ్జా అనే శాస్త్రవేత్త పట్టుబట్టి 1960లలో ఆఫ్రికా నుంచీ ఇతర చోట్ల నుంచీ పేడపురుగులు తెప్పించి వదిలాడు. ఒక దేశం అంత శ్రమపడి తెచ్చుకున్న పురుగు మనకు ఊరికే వస్తోంది. పిడుదులకనీ, ఏలికపాములకనీ అవసరం లేకపోయినా మందకంతటికీ ఐవర్‌మెక్టిన్ వేస్తే అది పేడలోకి దిగి ఈ పురుగును చంపుతుంది. పేడ పరీక్ష చేయించి, కావాల్సిన గేదెకే వెయ్యండి.

చట్టం గురించి ఎక్కువ చెప్పను. 2020లో కాలుష్య నియంత్రణ మండలి పాడి క్షేత్రాలకు మార్గదర్శకాలు ఇచ్చి 2021లో సవరించింది. మీ 60 గేదెల పాడికి అవి వర్తిస్తాయి. ఇళ్లకు, బడికి, బావులకు ఎంత దూరం ఉండాలో అందులో ఉంది. గోడ లేవకముందే రాష్ట్ర మండలి ఆఫీసుకు వెళ్లి అనుమతికి దరఖాస్తు పెట్టండి. గోడ లేచాక జరపడం ఎవరి తరమూ కాదు.

వరద సంగతి ఒక్కటి. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడ్డాక మమ్మల్ని అక్కడికి పంపారు. కుర్రవాణ్ణి. కాలవల్లో, బావుల్లో పశువులు. వాటిని పూడ్చడానికి పొడినేల లేదు, సున్నం లేదు, మనుషులు లేరు. మొన్న 2024లో బుడమేరు పొంగినప్పుడు టీవీలో విజయవాడను చూస్తూ మళ్లీ ఆ వాసన నా ముక్కుకు తగిలింది. మీ స్థలంలో ఎత్తయిన చోటు ఏదో ఇప్పుడే చూసిపెట్టండి. గేదెలను అక్కడికి తోలే దారి, విప్పడానికి సులువైన పలుపు ముడులు, చచ్చిన పశువును పూడ్చే గుంట బోరుకు దూరంగా ఎక్కడ, పుస్తకం మొదటి పేజీలో రాసిపెట్టండి. నీళ్లు వచ్చాక ఆలోచించడానికి తీరిక ఉండదు.

ఇన్ని చెప్పాను కదా అని బెంగపెట్టుకోకు. నువ్వు చిన్నప్పుడు మా ఇంటికి వస్తే లేగదూడ మూతికి అంటిన నురుగు నీ పరికిణీతో తుడిచేదానివి. పశువు మీద ఆ ప్రేమ ఉన్నదానివి. పక్కింటి నుయ్యి మీదా ఉంటుందని నాకు తెలుసు, దాన్ని ప్లాను కాగితం మీద కూడా చూడాలని నా ఆశ, అంతే.

వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నాను. మేస్త్రిని ఉండమను, పునాది ముగ్గు అప్పటిదాకా పోయించకు. సన్న ప్లాస్టిక్ గొట్టం ఇరవై గజాలు కొని పెట్టు, నీళ్లు నింపి వాటం చూద్దాం, గుంట ఎక్కడో అప్పుడు తేలుతుంది. అంతకన్నా ముందు, రేపే, రెండు శుభ్రమైన సీసాలు తీసుకుని ఒకదానిలో మీ బోరు నీళ్లు, ఇంకోదానిలో పక్కింటివాళ్ల నుయ్యి నీళ్లు పట్టి మూత బిగించి, తేదీ రాసి పరీక్షకు పంపు. గేదెలు దిగకముందు ఆ నీళ్లు ఎలా ఉన్నాయో ఆ పుస్తకంలో మొదటి అంకెగా ఉండాలి. నుయ్యి దగ్గరకు వెళ్లేటప్పుడు అల్లుడుగారిని పంపకు, నువ్వే వెళ్లు. నీళ్లు ఎందుకు పడుతున్నావో పక్కింటావిడ అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు.

మీ మావయ్య